సభ్యుడు పాతిన రాయి

అరసవల్లిలో కూర్మనాథం ఇల్లు ఎక్కడని అడిగితే ఆటోవాళ్లు “నీతిబాబు ఇల్లేనా” అని ఎదురు అడుగుతారు. ఆ పేరులో గౌరవం ఎంత, వెటకారం ఎంత అన్నది కూర్మనాథం ఎప్పుడూ కొలిచి చూసుకోలేదు. ఊళ్ల భూములన్నీ కొలిచి బతికే లైసెన్సు సర్వేయరు ఆయన. సొంత సంగతి కొలుచుకోవడానికి తీరిక ఉండొద్దా.

తండ్రి గుళ్లో సన్నాయి ఊదేవాడు. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా ఆ పూట ఆయనకి అన్నం సహించేది కాదు. కొడుకు సన్నాయి పట్టలేదు గాని ఆ చాదస్తం మాత్రం పుచ్చుకున్నాడు. సర్కారు కొలతకి అర్జీ పెట్టి ఎదురుచూసే ఓపిక లేని రైతులు ఈయన్ని పిలుచుకునేవారు. వచ్చి కొలిచి, రాళ్లు పాతించి, ఒప్పుకున్న ఫీజు తీసుకుని వెళ్లిపోయేవాడు. అంతకు మించి పైసా ముట్టేవాడు కాదు. ఈ ముట్టకపోవడం గురించి అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు, బస్సులో పక్క సీటువాడు నిద్రపోతుంటే కాస్త ఆగి లేచాక చెప్పేవాడు. భార్య సుహాసిని హైస్కూల్లో సోషలు టీచరు. పిల్లలకి పాఠాలు చెప్పి ఇంటికొచ్చి మొగుడి పాఠం వినేది.

ఇలాంటి మనిషి దొరికితే సంఘాలు ఊరుకుంటాయా? శ్రీకాకుళంలో నాగావళి లైసెన్సు సర్వేయర్ల సంఘం అని ఒకటుంది. ఆ మధ్య సర్వేయర్ల చేతివాటం గురించి పేపర్లో ఏదో పడింది. పేర్లేమీ లేవు. అయినా సభ్యులందరూ ఎవరికి వారు అది తన గురించే అనుకుని ఉలిక్కిపడ్డారు. సంఘం కార్యదర్శి గిరిబాబు వెంటనే సమావేశం పెట్టి, బయటివాళ్లెవరో వచ్చి మన మెడలో గంట కట్టేలోపు మనమే ఒకటి కొని కట్టుకుందామన్నాడు. మనమే కొనుక్కుంటే మోగని గంట చూసి కొనుక్కోవచ్చన్నది అతని ఉద్దేశం. దానికి స్వీయ నియంత్రణ అని పేరు పెట్టారు. వృత్తి విలువల కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడిగా కూర్మనాథాన్ని ఏకగ్రీవంగా ఎన్నుకుని శాలువా కప్పారు.

కూర్మనాథం నిజంగానే పొంగిపోయాడు. రాత్రీ పగలూ కూర్చుని నియమావళి రాశాడు. కొలత మొదలుపెట్టే ముందు ఆధారంగా తీసుకున్న రాయిని మరో రెండు పాత రాళ్లతో సరిచూసుకోవాలి అని రాశాడు. సభ దానికి ‘వీలైనంతవరకు’ అని చేర్చింది. కొలిపించుకునే రైతు ఇంట్లో భోంచేయకూడదు అని రాశాడు. సభ ‘ఆకలి లేనప్పుడు’ అని చేర్చింది. ఆ తర్వాత సభవారు సొంతంగా రెండు నియమాలు ప్రతిపాదించారు. ఒక సభ్యుడు పాతిన రాయిని ఆ సభ్యుడి రాతపూర్వక అంగీకారం లేకుండా మరే సభ్యుడూ కదపరాదన్నది ఒకటి. ఏ సభ్యుడి మీదైనా ఫిర్యాదుంటే అది ఆ సభ్యుడి ద్వారానే కమిటీకి చేరాలన్నది రెండోది. హాలంతా చప్పట్లతో మారుమోగిపోయింది. కూర్మనాథం అడ్డు చెప్పాల్సింది. కాని శాలువా ఇంకా భుజాల మీదే ఉంది, కొత్త శాలువా, మడత కూడా నలగలేదు. అడ్డు చెప్పకపోగా ఆ రెండు వాక్యాల్లో భాష సరిగా లేదని దగ్గరుండి దిద్ది పెట్టాడు.

మొదటి ఏడాది కమిటీకి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. తన గొంతు తానే కోసుకునే సభ్యుడు దొరకలేదు మరి. సర్వేయర్లలో నీతి పూర్తిగా నెలకొన్నదని వార్షిక నివేదికలో రాసుకుని, బజ్జీలు తిని ఇళ్లకి పోయారు.

అలాంటి రోజుల్లో బొబ్బిలి దారిలోని చినగెడ్డవలస నుంచి కూర్మనాథానికి పిలుపొచ్చింది. పిలిచినవాడు జోగయ్య, రోడ్డు పక్క పొలం అతనిది. దాన్ని ఇళ్ల స్థలాలుగా అమ్ముకోవాలని చూస్తున్నాడు. అతని పొలం తర్వాత ఒకదాని పక్కన ఒకటిగా మరికొందరి పొలాలున్నాయి. వరస చివర, గెడ్డ ఒడ్డున, జగ్గమ్మ అనే వితంతువు మడి ఉంది. గెడ్డ అంటే పెద్ద వాగు, వానాకాలం పొంగి పారుతుంది. ఎలాగూ సర్వేయరు వస్తున్నాడు కదా, వరసంతా కొలిపించేసుకుని గట్ల తగువులు వదిలించుకుందామని రైతులందరూ ఒప్పుకున్నారు. జగ్గమ్మ ఆ రోజు ఊళ్లో లేదు. కూతురి పురిటికి బొబ్బిలి ఆస్పత్రిలో ఉంది. కొలత ఆమె కోసం ఆగలేదు.

వరస మొదట్లో గట్టాలమ్మ ఉంది. ఆ చుట్టుపక్కల వాళ్లకి ఆమె దేవత, సర్వే పటంలో మాత్రం మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయి. ఎప్పుడో దొరల కాలంలో పాతిన ఆ రాయికి తరాలుగా పసుపు రాసి, బొట్లు పెట్టి, చీర చుట్టి అమ్మని చేసుకున్నారు. ఇప్పుడు చుట్టూ చిన్న గుడి కట్టి సిమెంటు గచ్చు కూడా చేయించారు. కూర్మనాథం చెప్పులు విడిచి, కొబ్బరికాయ కొట్టి, చీర కాస్త తొలగించి చూశాడు. రాయి మీద మూడువైపులా గీతలు ఉన్నాయి. రాయి అదే, సందేహం లేదు. గుడి కొత్తది కదా, రాయిని ఎవరైనా కదిపారా అని అడిగాడు. అందరూ లెంపలు వేసుకున్నారు. రాయిని ఎవరు కదుపుతారు, కళ్లు పోవా అన్నారు.

ఇక మిగిలిన రెండు పాత రాళ్లతో సరిచూడాలి. ఒకటి తుప్పల్లో ఉంది, రెండోది అవతలి ఊరి చెరువుగట్టు మీద ఉంది. ఎండ మాడ్చేస్తోంది. జోగయ్య ఇంట్లో నాటుకోడి పులుసు ఉడుకుతోందన్న కబురు, కబురుకన్నా ముందే వాసన, పొలం దాకా వచ్చేశాయి. కూర్మనాథానికి ఆకలి వేసింది కనుక నియమం అడ్డు రాలేదు. గట్టాలమ్మ మీద నుంచే రోవరు అనే కొలత యంత్రం పెట్టి కొలిచాడు. ఆకాశంలోని ఉపగ్రహాలు ఆయన నిలబడ్డ చోటుని అంగుళం తేడా లేకుండా చెప్పాయి. నిలబడాల్సిన చోటు అదేనా కాదా అన్నది ఉపగ్రహాల పని కాదు. రాళ్లు పాతించి, చేతులు కడుక్కుని, పీట మీద కూర్చున్నాడు.

కొన్నాళ్లకి జగ్గమ్మ అరసవల్లి వచ్చింది. గుమ్మంలో నిలబడి కొంగులోంచి మడతపెట్టిన కాగితం తీసి కూర్మనాథం చేతిలో పెట్టింది.

“సర్వేయరు బావూ, మీమీద ఫిరియాదు సెయ్యాలంట. సంఘం ఆపీసుకెళ్తే, అది మీకే ఇయ్యాలని సెప్పినారు” అంది.

తను భాష దిద్దిన నియమం అంత చక్కగా అమలవుతుందని కూర్మనాథం అనుకోలేదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి సంగతేమిటని అడిగాడు. తన మడిలో ఒక పక్క నాలుగు బారల మేర పక్క పొలంవాడు గట్టు వేసేసుకున్నాడని, బదులుగా తనకి చూపించిన రాయి గెడ్డ నీళ్లలో ఉందని, దాన్ని చూసుకోవాలంటే మోకాలి లోతు దిగాలని చెప్పింది. ఉన్నదే అర ఎకరం, అందులో ఆ ముక్క పోతే ఊడుపు గిట్టుబాటు కాదు, అమ్ముకుని కూలికి పోవాలి అంది. ఏడవలేదు. ఊళ్లో బస్సుల వేళలు చెప్పినట్టు చెప్పుకుపోయింది.

కూర్మనాథం ఓపిగ్గా వివరించాడు. పొలిమేర రాయి మీద నుంచి కొలిచాను, రాయి తప్పదు కదమ్మా అన్నాడు.

“రాయి ఎందుకు తప్పుతాది బావూ. అమ్మోరు రోడ్డు వార ఉన్నప్పుడు మా ఇంటాయన ఆడనించి అడుగులేసుకుంటా వచ్చి, ఇదీ మన గట్టు అని సూపెట్టీవోడు. ఆ లెక్కే నాకు తెలుసు.”

“రోడ్డు వార ఉన్నప్పుడు ఏమిటి?”

“ట్రాక్టర్లు తగిలీస్తన్నాయని గెడ్డేపు జరిపినారు గదా. గుడి కట్టి సంబరం కూడా సేసినారు. మీకెవులూ సెప్పనేదా?”

“రాయిని కదిపారా అని అందర్నీ అడిగానమ్మా. లేదన్నారు.”

“నిజిమే గదా మరి,” అంది జగ్గమ్మ, ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా తెలియదా అన్నట్టు. “రాయిని ఎవులు కదిపినారు? అమ్మోరిని జరిపినారు.”

కూర్మనాథం గుండెల్లో రాయి పడింది. సర్వేయరు గుండెల్లో పడ్డ రాయి కనుక, ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడే పడింది. గెడ్డ వైపు నాలుగు బారలు జరిగిన అమ్మవారి మీద నుంచి కొలిస్తే వరసలోని పొలాలన్నీ గెడ్డ వైపు నాలుగు బారలు జరిగాయి. మొదటివాడు జోగయ్యకి తన కొలత తనకి వచ్చి, రోడ్డు పక్క నాలుగు బారలు అదనంగా మిగిలాయి. మధ్యలోవాళ్లు ఒక పక్క పోగొట్టుకున్నది ఇంకో పక్క రాబట్టుకున్నారు. చివరి మనిషికి పక్కన పొలం లేదు, గెడ్డ ఉంది. ఊరందరి తప్పూ, తన తప్పూ కలిపి ఆ ఒక్క మనిషి నీళ్లలో మోస్తోంది.

ఆ సాయంత్రం సుహాసినితో చెప్పాడు. చెబుతూ చెబుతూ, అలవాటు కొద్దీ, తను మాత్రం ఫీజుకి మించి ఒక్క పైసా తీసుకోలేదని ముక్తాయించాడు.

“డబ్బులు తీసుకోనేదు, నిజిమే,” అంది సుహాసిని. “పులుసు సల్లారిపోతాదనే గదండీ ఆ రెండు రాళ్లూ సూడకుండా వచ్చీసేరు. ఆవిడ మడి పోయింది డబ్బులకి కాదు, కోడికి.”

కూర్మనాథానికి కోపం వచ్చింది. ఎవరి మీద అన్నది తేలక కాసేపటికి అది పోయింది. సిగ్గు మాత్రం మిగిలింది. ఇన్నేళ్లు తను నీతి అనుకున్నది జేబుకి సంబంధించిన సంగతి మాత్రమేనని, పని దగ్గరకి వచ్చేసరికి తనూ అందరిలాంటివాడేనని ఆ రాత్రి ఆయనకి మొదటిసారి అనిపించింది.

ఫిర్యాదును సంబంధిత సభ్యుడిగా తనే అందుకుని, కమిటీ అధ్యక్షుడిగా తనకే పంపుకుని, సమావేశం పిలిచాడు. తప్పు తనదేనని మొదటే చెప్పేశాడు. అలా చెబితే పని సులువవుతుందనుకున్నాడు, అమాయకుడు. సభ్యుల ముఖాలు వాడిపోయాయి. ఆయన చాలా అలిసిపోయి ఉన్నారని ఒకరన్నారు. జగ్గమ్మ పొలంలోకి ఇప్పుడు ఏకంగా గెడ్డే వచ్చింది గనక అది నీటి వసతి గల భూమి అయిందని, ఆ లెక్కన ఆమెకి మేలే జరిగిందని ఇంకొకరు తేల్చారు. కొలత రోజున ఆమె అక్కడ లేదు కాబట్టి కొలత గురించి మాట్లాడే అర్హత ఆమెకి లేదని మూడో ఆయన చట్టం తెలిసినవాడిలా అన్నాడు. అందరికన్నా మనసు విప్పి మాట్లాడింది గిరిబాబే.

“గురువుగారూ, మీరు తప్పు ఒప్పుకుంటే అది మీ ఒక్కరితో పోదండి. నీతిబాబు రాయే తప్పినాదంటే, రేపు ప్రతివోడూ మా రాళ్లు కూడా సూడమంతాడు. అందరం ఏటి సేస్తాం?”

“చూద్దాం,” అన్నాడు కూర్మనాథం. “తప్పితే మళ్లీ పాతుదాం.”

ఇంత అమర్యాదైన మాట ఆ కమిటీలో అంతకు ముందెవరూ అనలేదు. నేనే వెళ్లి మళ్లీ కొలుస్తాను, రాళ్లు నావే కదా అన్నాడాయన. పాతేవరకే మీవండీ, పాతాక సంఘానివి అంటూ గిరిబాబు రాళ్లు కదపరాదన్న నియమం చదివి వినిపించాడు. భాష ఎంత బాగా కుదిరిందో అని కూర్మనాథం మనసులోనే తిట్టుకున్నాడు. ఫిర్యాదు కొట్టివేసినట్టు రాసి సంతకానికి ఆయన ముందు పెట్టారు. ఆయన పెన్ను మూత పెట్టి లేచి వచ్చేశాడు.

చినగెడ్డవలసలో ఈసారి భోజనం ఏర్పాట్లేమీ లేవు. కూర్మనాథం తుప్పల్లో ముళ్లు గీరుకుంటూ ఒక రాయిని, చెరువుగట్టు మీద ఇంకో రాయిని వెతికి పట్టుకుని, ఆ రెండిటి మీద నుంచీ లెక్క కట్టి, రోడ్డు వార ఒక చోట గునపం వేయించాడు. పాత రాయి చుట్టూ బిగువు కోసం కూరిన గులకరాళ్లు గుంట ఆకారంలో అలాగే బయటపడ్డాయి. అప్పటికి ఊరంతా పోగయింది. మధ్య పొలాలవాళ్లు కొత్త గట్లు వేసుకున్నారు, మళ్లీ తవ్వాలంటే వాళ్లకి విసుగు. జోగయ్య నాలుగు బారల రోడ్డు పక్క స్థలానికి అప్పటికే మనసులో ధర కట్టేసుకున్నాడు. అయినా అతను తన స్థలం మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన మాట ఏదో అతనికి బాగా తెలుసు.

“అంటే ఏటి బావూ, అమ్మోరు తప్పు జాగాలో కూకున్నాదంతావా?”

అమ్మవారిని ఎత్తి మోసినవాళ్లు, గచ్చు చేయించినవాళ్లు, సంబరంలో పూనకం వచ్చి ఊగినవాళ్లు అందరూ సర్వేయరు నోటి వైపే చూస్తున్నారు. ఒక్క మాట జారితే రోవరుతో పాటు కూర్మనాథం కూడా గెడ్డలో ఉంటాడు.

“అమ్మోరు ఎక్కడ కూర్చోవాలో ఆవిడ ఇష్టం,” అన్నాడు కూర్మనాథం. “తప్పు జాగాలో నిలబడినోణ్ణి నేను. మూడు రాళ్లు చూడాల్సింది ఒక్కటే చూసి వచ్చేశాను. మీ అందరి గట్లూ నా వల్ల తప్పాయి. అమ్మోరిని కదపొద్దు, నా రాళ్లు కదుపుతాను.”

ఆ మాటతో జోగయ్య ఎత్తు పారలేదు. అమ్మోరి మీద ఈగ వాలలేదు గనక మిగతావాళ్లకి కోపం తెచ్చుకోవడానికి సందు దొరకలేదు. కూలీలకి సొంతంగా ఇచ్చుకుని కూర్మనాథం రాళ్లన్నీ పెరికించి వెనక్కి పాతించాడు. గెడ్డలోని రాయి కోసం తనే పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. అది వచ్చి జగ్గమ్మ మడి అంచున నిలబడేసరికి పొద్దు వాలింది. ఆయన ఆమె వైపు చూశాడు. దండం పెడుతుందని కాదు గాని ఏదో ఒకటి అంటుందని.

“ముందే సూసుకోవాలి గదా బావూ,” అని జగ్గమ్మ తన మడిలోకి వెళ్లిపోయింది.

జోగయ్య ఊరుకోలేదు. సంఘానికి ఫిర్యాదు పెట్టాడు. నియమం ప్రకారం అది కూర్మనాథం ద్వారానే రావాలి కనుక ఆయనకే ఇచ్చాడు. ఆయన దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా పంపించాడు. ఈసారి కమిటీ మెరుపు వేగంతో పనిచేసింది. కూర్మనాథం అనే సభ్యుడు పాతిన రాళ్లను, కూర్మనాథం అనే సభ్యుడు, ఆ కూర్మనాథం రాతపూర్వక అంగీకారం లేకుండా కదిపినట్టు నిర్ధారణ అయింది. నేను ఒప్పుకున్నాను కదా అన్నాడాయన. రాతలో ఉందా అన్నారు. లేదు. ఎవరు మాత్రం తనకు తాను ఉత్తరం రాసుకుంటారు? అధ్యక్ష పదవి తీసేశారు, సభ్యత్వం ఆపేశారు. శాలువా మాత్రం వెనక్కి అడగలేదు, అంతవరకు సంస్కారం ఉన్నవాళ్లే. ఆ ఏటి నివేదికలో, వచ్చిన ఫిర్యాదుపై కఠిన చర్య తీసుకున్నామని, స్వీయ నియంత్రణకి ఇదే నిదర్శనమని రాశారు. దానికి చప్పట్లు కూడా కొట్టారట.

కూర్మనాథానికి బాధ కలిగింది. కలగలేదని ఆయన చెప్పుకున్నాడు గాని సుహాసిని నమ్మలేదు. పని తగ్గింది. నీతి గురించి ఉపన్యాసాలు కూడా తగ్గాయి, బస్సులో పక్క సీటువాళ్లు హాయిగా నిద్రపోతున్నారు. ఎక్కడికెళ్లినా తప్పు పట్టుకోవడానికి వచ్చినవాడిలా చూస్తున్నారని, నిజానికి తను ఇప్పుడు పట్టుకుంటున్నది తన తప్పులేనని భార్యతో ఒకసారి అన్నాడు. పాత పనులు ఒక్కొక్కటే వెళ్లి సరిచూసుకుంటున్నాడు. కొన్ని సరిగ్గానే ఉన్నాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం గిరిబాబు ఫోన్ చేశాడు. క్షేమ సమాచారాలు చాలా సేపు అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, బొబ్బిలి దగ్గర మావగారి భూమి ఉందని, బావమరుదులతో గట్టు తగువు ముదిరి కొట్టుకునే దాకా వచ్చిందని, వచ్చి కొలిచి పెట్టాలని అడిగాడు. సంఘంలో ఎవరికీ తెలియకూడదన్నాడు.

సంఘం నిండా సర్వేయర్లే కదా, నన్నెందుకు అడుగుతున్నావన్నాడు కూర్మనాథం.

“సొంత భూమండి,” అన్నాడు గిరిబాబు. “సరిగ్గా కొలవాల.”

కూర్మనాథానికి నవ్వు రాలేదు. అక్కడ ఇదివరకు ఎవరైనా సభ్యుడు పాతిన రాళ్లున్నాయా, ఉంటే నేను ముట్టుకోవడానికి లేదు కదా అని అడిగాడు. అవతలి నుంచి ఉన్నాయండి అని వినిపించింది.

“ఎవరు పాతారు?”

“నానే పాతేనండి.”